పదిహేను డిగ్రీల ప్రాణభయం

బరంపురంలో చలికాలం వచ్చిందో లేదో చెప్పడానికి వాతావరణ శాఖ అక్కర్లేదు, స్నానాల గదిలో కొబ్బరినూనె సీసా చాలు. 24 డిగ్రీల కిందకి దిగితే ఆ నూనె పేరుకుంటుందని సైన్సు పుస్తకంలో రాసి ఉంటుంది. మా ఆవిడ పుస్తకం చదవలేదు. సీసా తలకిందులు చేసి, అరచేతిలో చుక్క పడకపోతే, “నెలగంట పెట్టేసేరు, ఇంక రగ్గులు దింపండి” అంటుంది. అటకమీంచి రగ్గులు, శాలువలు, ఎవరో పెళ్లిలో పెట్టిన కంబళి, కలరా ఉండల వాసనతో సహా దిగుతాయి. ఆ వాసన వీధి చివరిదాకా పాకిందంటే ఊరు చలికాలంలోకి అడుగుపెట్టినట్టే లెక్క.

రగ్గుల పంపకానికి మా ఇంట్లో ఒక వరస ఉంది. అన్నిటికన్నా మందపాటిది పెరుగు గిన్నెకి. ఈ రోజుల్లో పాలు తోడుకోవు గనక, గిన్నెని బియ్యం డబ్బాలో కూర్చోబెట్టి, చుట్టూ కంబళి చుట్టి, రాత్రంతా ఎవరూ కదపకూడదని ఆంక్ష. తరవాతది ఇడ్లీ పిండికి. పిండి పొంగకపోతే పొద్దున్న ఇంట్లో శాంతిభద్రతలు ఉండవు. మూడోది మనవడికి. ఆ పైన మిగిలింది నాకు. నా దుప్పటి ఎంత పల్చనంటే, ముసుగు తన్ని పడుకున్నా గోడ గడియారంలో టైము చూసుకోవచ్చు. “ఇంటి పెద్దని, నాకు కదా ముందివ్వాలి” అన్నానోసారి. “మీరు తోడుకునేదీ లేదు, పొంగేదీ లేదు” అంది.

దీనికి తోడు పైన ఫ్యాను. అవును, జనవరిలో కూడా. బరంపురం దోమలకి చలి తెలియదు. ఫ్యాను ఆపితే దోమలు, వేస్తే చలి. అందుకని ఊరు ఊరంతా ఫ్యాను ఫుల్లు మీద పెట్టి, కింద నిండా ముసుగేసుకుని పడుకుంటుంది. ప్రపంచంలో ఇంకెక్కడైనా జనం చలిగాలిని కరెంటు బిల్లు కట్టి మరీ ఇంట్లోకి తెచ్చుకుంటారేమో నాకు తెలియదు.

ఇంతకీ మా చలి ఎంత? గోపాల్‌పూర్ వాతావరణ కేంద్రం లెక్కన జనవరి తెల్లవారుజామున 16, 17 డిగ్రీల దగ్గర ఉంటుంది. దానికే పెద్దబజారులో సగం మంది మగాళ్లు మంకీ క్యాపుల్లోకి వెళ్లిపోతారు. ముక్కూ కళ్లూ తప్ప ఏమీ కనపడవు. అప్పు ఇచ్చినవాడెవడో, పుచ్చుకున్నవాడెవడో పోల్చుకోలేక ఆ రెండు నెలలూ ఊళ్లో బాకీలు వసూలు కావని ఒక కిరాణా షావుకారు నాతో వాపోయాడు.

ఈ వణుకులో లాభం కూడా లేకపోలేదు. ధనుర్మాసం కనక తెలుగువాళ్ల గుడిలో తెల్లారకుండానే వేడి పొంగలి. ఒడియావాళ్ల గుళ్లలో అదే వేళకి పహిలి భోగొ అనే తొలి నైవేద్యం. 1936 ఏప్రిల్ 1న గంజాం జిల్లాని మద్రాసు నుంచి తీసి ఒడిశాలో కలిపినప్పుడు మా తాతల తరం చాలా దిగులుపడిందని అంటారు. ప్రసాదాల విషయంలో మాత్రం ఆ కలపడం వల్ల మాకు నష్టమేమీ జరగలేదు. రెండు గుళ్లకీ వెళ్తాం, రెండు దొన్నెలూ ఖాళీ చేస్తాం. వచ్చేదారిలో ధనుముఁవా కొనుక్కుంటాం. పేలాలూ బెల్లంపాకమూ కలిపి కట్టే ఆ గంజాం మిఠాయి ఈ నెల పోతే మళ్లీ ఏడాదిదాకా అంత రుచిగా దొరకదు. చన్నీళ్ల స్నానం చేసి గుడికి వెళ్లాలన్న నియమం ఉన్న సంగతి నాకూ తెలుసు. దేవుడు నా వయసు చూసి ఊరుకున్నాడు.

చలికాలంలో మా ఊళ్లో నాకు అన్నిటికన్నా వింతగా తోచేది స్వెటర్ల బేరం. అమ్మేవాళ్లు టిబెటన్లు. మంచుకొండలు దాటి వచ్చిన ఆ జనానికి 1963లో ఇక్కడి చంద్రగిరి కొండల్లో చోటిచ్చారు. అడవి కొట్టి మొక్కజొన్న వేసుకున్నారు, జీరంగ్‌లో పెద్ద బౌద్ధ విహారం కట్టుకున్నారు, 2010లో దలైలామా వచ్చి దాన్ని ప్రారంభించారు. చలి రాగానే వాళ్లు లుధియానా సరుకు తెచ్చి ఊళ్లలో దుకాణాలు పెడతారు. అమ్మే ఆవిడ పల్చటి జాకెట్టుతో, చేతిలో విసనకర్ర ఒక్కటే తక్కువన్నట్టు కూచుంటుంది. కొనే మేం గజగజ వణుకుతూ, “ఇంతకన్నా మందంగా లేవా?” అని అడుగుతాం. ఆవిడ ఒకసారి నన్ను పైనుంచి కిందకి చూసి, ఏదో అనబోయి, వ్యాపారం గుర్తొచ్చి మానేసింది.

పోయిన సంక్రాంతికి షికాగో నుంచి మా మేనల్లుడు వచ్చేవరకూ మా చలి పరువుగానే బతికింది. వాడు నిక్కరూ బనీనుతో డాబా మీద తిరుగుతూ, కుంపటి ముందు కూచున్న నన్ను చూసి పగలబడి నవ్వాడు.

“ఏటి మావయ్యా, దీన్ని చలంటారా? 2019 జనవరి 30న మాకు మైనస్ 30 ఉంది, తెలుసా!”

“ఆ రోజు నువ్వెక్కడున్నావురా?”

“ఇంట్లోనే. బయటికెళ్తే చచ్చిపోతామని ఆఫీసులు మూసేశారు.”

“ఇంట్లో ఎంత ఉందేటి?”

“ఇరవై రెండు.”

“ఏటి తొడుక్కున్నావు?”

వాడు కాస్త నసిగాడు. “టీషర్టు.”

మరి వీడు చలిని చూసిందెక్కడ? కిటికీ అద్దంలోంచి. పులిని జూలో చూసినవాడు వేటగాడితో వాదానికి దిగినట్టుంది. మైనస్ 30లో వాడి ఒంటికి తగిలింది ఇరవై రెండు. మా పదహారు మాత్రం కిటికీ సందుల్లోంచి, తలుపు కిందనుంచి, పైకప్పు రేకుల్లోంచి నేరుగా పక్కలోకే వస్తుంది. మధ్యవర్తులుండరు.

పైగా మా తరఫున సాక్షాత్తూ భారత వాతావరణ శాఖే ఉంది. చలిగాలులని ప్రకటించాలంటే మైదానాల్లో 10 డిగ్రీలకి, కొండల్లో సున్నాకి దిగాలి. కోస్తా వాళ్లకి మాత్రం 15 చాలు, మామూలుకన్నా నాలుగున్నర డిగ్రీలు తగ్గి ఉంటే సరి. కోస్తా మనిషి సుకుమారుడని కేంద్ర ప్రభుత్వమే రాసి పెట్టింది. ఈ నిబంధన కాగితం మీద అచ్చువేసి మంకీ క్యాపుకి కుట్టించుకుందామనుకున్నాను గానీ, మా ఆవిడ సూది ఇవ్వలేదు.

వాడు ఒప్పుకోలేదు. “అయితే పద, దారింగిబాడి” అన్నాను.

దారింగిబాడి కంధమాల్ జిల్లాలో, సముద్రమట్టానికి మూడు వేల అడుగుల ఎత్తున ఉంది. బరంపురం నుంచి హింజిలి, ఆసికా, సురడా దాటుకుంటూ 120 కిలోమీటర్లకి అటూ ఇటూ. డేరింగ్ అనే దొర పేరు మీద ఆ ఊరు వెలిసిందని అక్కడివాళ్లు చెబుతారు. ఒడిశా కాశ్మీరు అని బిరుదు. మన దేశంలో నాలుగు రోజులు నోట్లోంచి పొగ వచ్చిన ప్రతి ఊరికీ ఈ బిరుదు తగిలిస్తారు. ఇవే తూర్పు కనుమల్లో కాస్త కిందకి వెళ్తే లంబసింగి ఆంధ్రా కాశ్మీరు. అసలు కాశ్మీరువాళ్లకి ఈ సంగతి తెలిస్తే రాయల్టీ అడుగుతారు.

సురడా దాకా వాడు కారు అద్దాలు దించుకునే వచ్చాడు. ఘాటు రోడ్డు ఎక్కుతుంటే సగం ఎత్తాడు. పైకి చేరేసరికి అద్దాలు పూర్తిగా మూసి, “ఇందులో హీటరుందా?” అని డ్రైవరుని అడిగాడు. పదేళ్లుగా బండి నడుపుతున్న ఆ అబ్బాయికి అలాంటి మీట ఒకటుంటుందనే తెలియదు.

బస చేసినచోట గదికి రేకుల కప్పు, సిమెంటు నేల, సందులున్న కిటికీలు. గీజరుంది, కరెంటు లేదు. ఇచ్చిన రగ్గులు ముట్టుకుంటే తడిసినట్టు చల్లగా తగిలాయి. వాడు ప్యాంటు మీద ప్యాంటు వేశాడు, సాక్సు మీద సాక్సు వేశాడు, అర్ధరాత్రికి నా కంబళిలో వాటా అడిగాడు. పెరుగు గిన్నెని బతిమాలి తెచ్చుకున్న కంబళి అది. అయినా మేనల్లుడు కదా, సగం ఇచ్చాను. పళ్లు టకటకలాడుతుంటే, “మావయ్యా, ఇంట్లో ఇంత చలి ఎలా ఉంటుంది? ఇది అన్యాయం” అన్నాడు. మన పెద్దవాళ్లు సంక్రాంతికి చంకలెత్తనివ్వదని చలి గురించి ఊరికే అన్నారా? వాడు ఆ రాత్రి తెల్లార్లూ చంకలెత్తలేదు.

పొద్దున్నే కాపలాదారు తలుపు బాదాడు. “బరఫొ పొడిఛి ఆజ్ఞా!” మంచు పడిందట. బయటికెళ్తే గడ్డివాముల మీద, కార్ల మీద, చెత్తకుప్ప మీద కూడా పంచదార చల్లినట్టు తెల్లగా ఉంది. భువనేశ్వర్ నుంచి, బరంపురం నుంచి వచ్చిన జనం కార్ల మీదది గీకి, ప్లాస్టిక్ పళ్లేల్లో పోగేసి, చేత్తో పట్టుకుని ఫొటోలు దిగుతున్నారు. టీవీ వాళ్లు దీన్నే హిమపాతం అంటారు. నిజానికి ఆకాశంనుంచి పడిందేమీ లేదు. మబ్బు లేని, గాలి కదలని రాత్రి నేల తన వేడినంతా పైకి వదిలేసుకుంటుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి పల్లంలో చేరుతుంది. థర్మామీటరేమో మనిషి ఎత్తున పెట్టెలో దర్జాగా ఉంటుంది, గడ్డిపోచ నేల మీద పడుంటుంది. పెట్టెలో రెండో మూడో డిగ్రీలున్నప్పుడే గడ్డి మీద సున్నా తగిలి, గాలిలో తేమ అక్కడే గడ్డకడుతుంది. ఈ సంగతంతా మా ఇంజనీరు మేనల్లుడే చెప్పాడు, కదలని పెదాలతో, ఒక్కో మాట మధ్య ఒక్కో వణుకు పెట్టి.

ఈ సంబరమేమీ పట్టనట్టు ఊరి జనం తమ పనిలో తామున్నారు. కొంధు గిరిజనుల పల్లెలో రెండు వరసల ఇళ్లు ఎదురెదురుగా, ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. మందపాటి మట్టి గోడలు, వంగితే గానీ దూరలేని గుమ్మం, కిటికీలు లేవు, మధ్యలో పొయ్యి. ఏ పుస్తకంలోనూ చదవకుండా చలిని గుమ్మం దగ్గరే ఆపిన వాస్తు అది. ఆ పక్కనే కొత్తగా కట్టిన సిమెంటు ఇంట్లో ధాన్యం బస్తాలు, సైకిలూ కాపరం చేస్తున్నాయి. మనుషులు మాత్రం మట్టింట్లోనే పడుకుంటున్నారు. మా బసకి ప్లాను గీసినాయన ముందు ఒక రాత్రి ఈ పల్లెలో పడుకుని వెళ్లుంటే ఎంత బాగుండేది!

పల్లె చివర పసుపు ఉడకబెడుతున్నారు. కంధమాల్ పసుపుకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ రోజుల్లోనే దుంపలు తవ్వి, పెద్ద బానల్లో ఉడికించి, ఎండబెడతారు. పొయ్యి చుట్టూ ముసలీ ముతకా, పిల్లా మేకా అందరూ చేరారు. పంట పనీ అవుతోంది, చలిమంటా అవుతోంది. వాళ్లు మా వాడిని చూసి, ఏమీ అడగకుండానే జరిగి చోటిచ్చారు. ఒకావిడ గిన్నెలో వేడి మండియా జావ పోసి ఇచ్చింది, మన చోడి అంబలే. షికాగోలో రాగి జావని ఆరోగ్యం పేరుతో మూతి ముడుచుకుని తాగేవాడు, ఇక్కడ గిన్నె తుడిచి ఇంకోసారి పట్టాడు. మా డ్రైవరు చెవిలో మెల్లగా, ఇప్పసారా అయితే ఇంకా తొందరగా పనిచేస్తుందన్నాడు. వాడికి ఘాటు దిగవలసిన పని ఉందని గుర్తుచేశాను.

స్నానం సంగతి అడక్కండి. కట్టెల పొయ్యి మీద కాగిన నీళ్లు ఒక్క బకెట్టు ఇచ్చి, రెండోది కావాలంటే తలొంచుకుని వెళ్లిపోయాడు కాపలాదారు. గంజాం పక్కనే ఉండి వేణ్ణీళ్లకి ఇంత కరువేమిటని నాకు కోపం వచ్చింది. బరంపురానికి యాభై కిలోమీటర్లలో తప్తపాణి ఉంది. కొండ కింద గంధకం వాసనతో నీళ్లు వాటంతట అవే కాగి పైకొస్తాయి, పక్కన కొంధుణీ దేవి. కట్టెలక్కర్లేదు, కరెంటక్కర్లేదు. భూదేవి అంత ఉదారంగా గీజరు పెట్టింది గానీ, పైపులైను దారింగిబాడి దాకా వెయ్యడం మరిచిపోయింది.

సాయంత్రం టీ దుకాణం దగ్గర ఆ రోజు వాతావరణ బులెటిన్ గురించి పెద్ద గొడవ. ఒడిశాలో చలికాలం పూట ఏ ఊరు అందరికన్నా చల్లగా ఉందో క్రికెట్ స్కోరులా చూసుకుంటారు. ఫుల్బాణీ, సెమిలిగుడ, జి. ఉదయగిరి, దారింగిబాడి, ఎవరి జట్టు వాళ్లది. ఆ రోజు ఉదయగిరి ఒక డిగ్రీ తేడాతో గెలిచింది. దుకాణదారు ముఖం వాడిపోయింది. ఎక్కువ చలి ఉంటే ఎక్కువ జనం వస్తారు, ఎక్కువ టీ తాగుతారు, ఆ బాధ ఆయనది. “వాళ్ల థర్మామీటరు పాడైంది ఆజ్ఞా” అని ఆయన ఒడియాలో గోల పెడుతుంటే, భాష తెలియకపోయినా సంగతి అర్థమై, మధ్యాహ్నం నుంచీ నోరు విప్పని మా షికాగోవాడు ఒక్కసారిగా లేచాడు.

“మావయ్యా, వీళ్లకి చెప్పండి. ఆ థర్మామీటరు తీసుకొచ్చి రాత్రి మనం పడుకున్న గదిలో పెట్టమనండి. ఎవడు గెలుస్తాడో చూద్దాం!”