గీతాప్రవేశం: టీకా తాత్పర్య సహితం

మూలం: ఆల్, విజిబుల్, స్పెసిఫై.

అవతారిక. ఆటోక్యాడ్‌లో గీసిన ప్లాన్‌ను రెవిట్‌లోకి తెచ్చుకోబోతే ఒక పెట్టె తెరుచుకుంటుంది. అందులో లేయర్ల సంగతి అడిగే చోట ఉండే మూడు పదాలే ఈ సూత్రం. ఇక్కడ గీత అంటే కురుక్షేత్రంలో చెప్పింది కాదు, డ్రాఫ్ట్స్‌మన్ గీసింది. లేయరు అంటే పొర: గోడలు ఒక పొర మీద, తలుపులు ఇంకో పొర మీద, కొలతలు వేరే పొర మీద ఉంచి, కావలసినప్పుడు ఒకదాన్ని దాచి ఇంకొకదాన్ని చూసుకునే ఏర్పాటు. పొరపాటు అనే మాట ఇక్కడి నుంచే పుట్టిందంటే ఏ నిఘంటువూ ఒప్పుకోదు గానీ, వ్యుత్పత్తి విషయంలో టీకాకారులకు ఆపాటి చొరవ మొదటి నుంచీ ఉంది. పదాల తీరు గమనించాలి. ఆల్, విజిబుల్ రెండూ స్థితిని చెప్పేవి. స్పెసిఫై ఒక్కటే క్రియ, అదీ విధ్యర్థకం. అంటే మొదటి రెండింటిలో ఎంచే పని మనది కాదు, మూడోదానిలోనే మనది. మూడోదే గ్రాహ్యమనీ, అయితే దాన్ని పాటించవలసిన చోటు ఈ పెట్టె కాదు, ఇంకా ముందే ఆటోక్యాడ్‌లోననీ ఈ టీక వాదం.

ఆల్ అనగా సర్వం. ముందే ఎంపికై కూర్చునేది ఇదే కాబట్టి లోకంలో ఎక్కువ ఆచరణ దీనిదే. సర్వంలో ఏమేమి వస్తాయి? సున్నా అనే పొర వస్తుంది. ప్రతి ఆటోక్యాడ్ ఫైల్లోనూ ఇది పుట్టుకతోనే ఉంటుంది. చెరపలేం, పేరు మార్చలేం. దీని మీద మామూలుగా గీసి బ్లాక్ చేసిన తలుపు, ఏ పొరలో పెడితే ఆ పొర రంగు తెచ్చుకుంటుంది. ఈ నిర్గుణ తత్వాన్ని వేదాంతులు ఇట్టే గుర్తుపడతారు. డెఫ్‌పాయింట్స్ వస్తుంది: కొలత వేసిన మరుక్షణం తనంతట తానే వెలసి, ఆటోక్యాడ్ తెర మీద కనిపిస్తూ, ప్రింటులో మాయమయ్యే పొర. ఇవి రెండూ సాధుజీవులు. ప్రమాదం అనామకులతో. హైదరాబాద్ పరిసరాల్లోని స్థలానికి సర్వే డ్రాయింగ్ యూటీఎం లెక్కలో ఉంటే ఉత్తరపు అంకె 19 లక్షల మీటర్లు దాటుతుంది. ఇంటి ప్లానేమో సున్నా, సున్నా దగ్గర గీసి ఉంటుంది. సర్వే నుంచి అరువు తెచ్చుకున్న ఒక్క చుక్క ఏదో పొరలో మిగిలిపోయిందనుకోండి. నలభై అడుగుల ఇల్లు, దానికి 1,900 కిలోమీటర్లకు పైగా దూరంలో ఒక చుక్క, రెండూ కలిపి ఒకే బొమ్మ. బొమ్మ 20 మైళ్లు మించితేనే రెవిట్ హెచ్చరిక పెడుతుంది. కాళిదాసుకు వ్యాఖ్యానం రాసిన మన మెదక్ సీమ మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ నియమం పెట్టుకున్నాడు. ఆల్ నొక్కినవాడు ఆ నియమంలో మొదటి సగం నిక్కచ్చిగా పాటించాడు. మూలంలో లేనిదేదీ తేలేదు. రెండో సగం దగ్గర జారిపడ్డాడు.

విజిబుల్ అనగా కనిపించేది. ఇక్కడ పూర్వపక్షం బలంగానే ఉంది: పంపినవాడు అక్కర్లేనివి ఆపేసే పంపుతాడు, కనిపించేవి తెచ్చుకుంటే చాలదా అని. చాలదు. ఎవరికి కనిపించేది, ఎప్పుడు కనిపించేది అన్నదానికి ఈ పదంలో జవాబు లేదు. టైల్స్ హ్యాచ్ వేసుకోవడానికి అడ్డొస్తున్నాయని పిల్లర్ల పొర ఆపేసి, సేవ్ కొట్టి, ఇంటికెళ్లిన మనిషి ఆఖరి చూపే ఈ విజిబుల్. అది నిర్ణయం కాదు. ఆ ఫైలు తెచ్చుకుంటే ఇల్లు వస్తుంది, పిల్లర్లు రావు. పిల్లర్లు లేని ప్లాన్ చూడముచ్చటగానే ఉంటుంది, అందుకే లోటు కంటికి ఆనదు. పైగా కనిపించకపోవడంలోనూ రెండు రకాలు. ఆఫ్ చేసిన పొర కళ్లు మూసుకుంది గానీ మెలకువగానే ఉంటుంది: ఎరేజ్ కొట్టి ఆల్ అంటే దాని మీది గీతలూ పోతాయి. ఫ్రీజ్ చేసినది గాఢనిద్రలో ఉంటుంది, ఆ వేటు దానికి తగలదు. తెర మీద మాత్రం రెండూ ఒకే శూన్యం.

స్పెసిఫై అనగా పేరుపేరునా చెప్పు. అప్పుడు జాబితా వస్తుంది: వాల్, వాల్1, వాల్-న్యూ, వాల్-ఫైనల్, లేయర్3, టెక్స్ట్, ఎక్స్, గ్రౌండ్‌ఫ్లోర్$0$వాల్. చివరి సమాసానికి విగ్రహవాక్యం చెప్పవచ్చు. వేరే ఫైలును ఎక్స్‌రెఫ్‌గా తగిలిస్తే పొర పేరుకు ముందు ఆ ఫైలు పేరు, మధ్యలో నిలువు గీత చేరతాయి. బైండ్ చేస్తే నిలువు గీత పోయి $0$ వస్తుంది. ఇంటిపేరుతో సహా ఎక్కడిదో తెలుస్తోంది. మిగతావాటికి ఆ భాగ్యం లేదు. వాల్-న్యూ ఎప్పటికి కొత్త? ప్రామాణిక నామాలు వాడితే ఈ గోల ఉండదని ఇంకో ఆక్షేపణ. అమెరికా ఆర్కిటెక్టుల సంస్థ ఏఐఏ 1990లోనే లేయర్లకు మార్గదర్శకాలు వేసింది. మొదటి అక్షరం శాఖను చెబుతుంది, ఏ-వాల్ అంటే ఆర్కిటెక్టు గోడ. మంచిదే. కానీ ప్రమాణం పేరును దిద్దుతుంది, గీతను కాదు. ఏ-వాల్ మీద సోఫా గీసేవాణ్ణి అది ఆపలేదు. కనక పేరు నమ్మకుండా, ఆటోక్యాడ్‌లోనే లేవాక్ కమాండు ఇచ్చి, ఒక్కో పేరు నొక్కుతూ, దాని మీది గీతలు మాత్రమే తెర మీద మిగలడం చూడాలి. వాల్ నొక్కితే గోడలతో పాటు మూలన ఒక వాష్‌బేసిన్ కూడా కనిపిస్తే, దాన్ని అప్పుడే దాని పొరకు పంపాలి. లేట్రాన్స్‌తో నాలుగు వాల్‌లను ఒకటి చెయ్యాలి, ఖాళీ పొరలను పర్జ్ చెయ్యాలి. రెవిట్ గడప దాటాక ఈ దిద్దుబాటుకు వీల్లేదు. అక్కడ క్వెరీతో గీత ఏ పొరదో అడగవచ్చు, ఆ పొరను దాచవచ్చు, తీసెయ్యవచ్చు. వాష్‌బేసిన్‌ను గోడ నుంచి విడదీయలేం.

ఎక్స్‌ప్లోడ్ చేస్తే విడిపోతుంది కదా అంటారు. విడిపోతుంది. కానీ రెవిట్‌కు సొంతంగా పొరలు లేవు. గోడ, తలుపు, కిటికీ అనే వర్గాలే ఉన్నాయి. పగిలిన గీతలు గోడలు కావు, గీతలుగానే ఉంటాయి. వాటి పొరల పేర్లు మాత్రం లైన్ స్టైల్స్‌లో చేరి, ప్రాజెక్టు ఉన్నన్నాళ్లూ వాల్-ఫైనల్ పలకరిస్తూనే ఉంటుంది. పైగా అంగుళంలో 32వ వంతుకన్నా చిన్న గీతను రెవిట్ పుట్టనివ్వదు, 10,000 ముక్కలు మించే బొమ్మను పగలగొట్టనివ్వదు. ఇక, రేపటికి డ్రాయింగ్ ఇవ్వాలి, ఇంత ఓపిక ఎవరికుంది అన్నది చివరి ఆక్షేపణ, న్యాయమైనదే. లెక్క వేద్దాం: 40 పొరలను ఒక్కోటి అర నిమిషం చూస్తే 20 నిమిషాలు. చూడకుండా తెచ్చుకుంటే విజిబిలిటీ గ్రాఫిక్స్‌లో ఇంపోర్టెడ్ కేటగిరీస్ తెరిచి టిక్కులు తీయడం వ్యూ వ్యూకీ ఉంటుంది. వ్యూ టెంప్లేటు ఉంది కదా అంటే, ఏ పొర పనికిమాలినదో దానికి చెప్పవలసిందీ మనమే. ఇన్ని చేశాక కూడా సున్నా మీద ఒక గీత మిగులుతుంది. గోడకు ఆనదు, కొలత కాదు. మెట్ల కింద వచ్చే సంపు అంచు కావచ్చు, చెయ్యి జారి పడిందీ కావచ్చు. గీసినాయనకు ఫోను చెయ్యాలి.