మద్దెల నిజంగానే ఓడైతే?

టప్... టప్.

పదకొండు రోజులుగా మా బాత్‌రూమ్ కుళాయి ఇదే మాట అంటోంది. పగలు గొణుగుతుంది, రాత్రి పన్నెండు దాటాక గొంతు పెంచుతుంది.

మొదటి రోజు ప్లంబరు ఫోనెత్తలేదు. రెండో రోజు ఎత్తి, “దారిలో ఉన్నా సార్” అన్నాడు. ఏ దారో చెప్పలేదు. మూడో రోజు అమావాస్య. నాలుగో రోజు పానా కనబడలేదు. ఐదో రోజు పానా కనబడింది, నడుం పట్టేసింది. కచ్చితంగా ఆ వరసలోనే.

“ఐదు రూపాయల వాషరుకి ఇన్ని కబుర్లా? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది” అంది మా ఆవిడ.

ఈ సామెత మీద నాకు చిన్నప్పటి నుంచీ కక్ష. తరతరాలుగా అందరం ఆ ఆడలేనమ్మని చూసి నవ్వుతున్నాం. ఒక్కడైనా వెళ్లి మద్దెల చూశాడా? తోలు బిగువుగా ఉందో లేదో తట్టాడా? కట్టెకి బీట ఉందేమో వేలు పెట్టి చూశాడా? వానాకాలం కచేరీ అయితే తోలు మెత్తబడదూ? అసలు మద్దెల వాయించేవాడు ఆ పూట ఎందుకు నోరు మెదపలేదు? వాయిద్యం బాగుంటే “నా మద్దెలకేం, బంగారం” అని లేచి ఉండేవాడు కదా! లేవలేదంటే ఏదో ఉంది. బహుశా మరమ్మతుకని బాడుగలో కొంత ముందే తీసుకుని ఉంటాడు. ఆ డబ్బు ఏమైందని సామెత అడగదు. పైగా “ఓడు” అంటే బీటలిచ్చింది, కారేది అని. మా కుళాయికి అంతకంటే సరిపోయే మాట నిఘంటువులో లేదు.

ఈ వాదనంతా విని మా ఆవిడ, “ఇంతసేపట్లో రెండు వాషర్లు వేయొచ్చు” అంది.

నా బాధ ఎవరికీ పట్టదు. ట్యాంకుకి నీళ్లొచ్చేదే రోజు విడిచి రోజు, ముప్పావు గంట. ఇల్లు కట్టినాయన మెరుపు చూసి కొన్న కుళాయిలు రెండేళ్లకే మొరాయించాయి. వీటికి నేనా బాధ్యుణ్ణి? మా అబ్బాయి మాత్రం “ప్రాబ్లమ్‌లోనే సొల్యూషన్ ఉంటుంది డాడీ” అంటూ ఫోన్ నా మొహం ముందు పెట్టాడు.

అందులో చింతకింది మల్లేశం గారు. ఆలేరు దగ్గరి ఊరు, బడి చదువు ఆరో తరగతితో ఆగింది. పోచంపల్లి చీరకి ఆసు పోయాలంటే వాళ్లమ్మ లక్ష్మి గారు చెయ్యి చాచి, అర్ధచంద్రాకారంలో దిగ్గొట్టిన కొయ్యల చుట్టూ నూలు తిప్పాల్సి వచ్చేది. ఒక్క చీరకి దాదాపు 9,000 సార్లు. భుజం విరిగిపోతోందని ఆవిడ అంటూంటే విని, 1992లో మొదలుపెట్టి 1999కి యంత్రం నిలబెట్టారు. దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

“ఏడేళ్లు పట్టిందిరా! నాకింకా పదకొండు రోజులేగా” అన్నాను. బాగానే పేలిందనుకున్నాను. ఎవరూ నవ్వలేదు.

ఆ రాత్రి పడుకోబోతుంటే అమ్మ గదిలోంచి నొప్పుల మందు వాసన వచ్చింది. అప్పుడు తట్టింది. కుళాయి కింద బకెట్ పెట్టింది అమ్మ. తెల్లారేసరికి సగం నిండిన ఆ బకెట్‌ని పెరట్లో కరివేపాకు చెట్టుకి మోసుకెళ్లి పోసేదీ అమ్మే. డెబ్బై నాలుగేళ్లు. “నీళ్లు వృథా పోకూడదు కదరా” అంటే, పోనీలే ఓ దారి దొరికిందని పదకొండు రోజులూ హాయిగా పేపరు చదువుకున్నాను. మొదటి రెండు రోజులు “ఏరా, ఆ కుళాయి చూశావా” అని అడిగింది. మూడో రోజు నుంచి అడగలేదు. అడగకపోవడాన్ని నేను శాంతి అనుకున్నాను.

పొద్దున్నే కొట్టుకెళ్లాను. “అరంగుళమా, ముప్పావా?” అన్నాడు. తెలియదన్న సాకుతో వెనక్కి రాకుండా రెండూ తెచ్చాను. అదే నా పద్మశ్రీ. పానా పట్టుకుని గేట్‌వాల్వ్ తిప్పాను. కదల్లేదు. ఒట్టు, ఇది సాకు కాదు, తుప్పు పట్టి నిజంగానే బిగుసుకుపోయింది. మద్దెల ఓడేనని అరిచి చెప్పాలనిపించింది.

“ట్యాంకు ఖాళీ చేసి విప్పరా” అంది అమ్మ వెనకనుంచి.

తిరిగి చూస్తే, అప్పటికే చేతిలో బకెట్ ఉంది.