హెచ్టీ బండి: టీకా తాత్పర్య సహితం

అవతారిక

బ్రాడీపేటలో మా లైను చివర ఒక టీకొట్టు ఉంది. ఆదివారం పొద్దున ఆరున్నరకి దాని ముందు ఒక బండి స్టార్టవుతుంది. ఒక తన్నుకి కాదు. పదకొండు తన్నులు తిని, పన్నెండోదానికి లేస్తుంది. లేవగానే వీధంతా నీలం పొగ. మిరపకాయల సీజనులో యార్డు వైపు నుంచి గాలి మళ్లితే ఎటూ తుమ్మక తప్పదు. దానికి ఇది తాలింపు. పొగ విడిపోయాక మధ్యలోంచి మూలకర్త ప్రత్యక్షమవుతాడు. ఆయనకింకా నలభై నిండలేదు. బండి ఆయనకంటే పెద్దది, ఆయన పుట్టకముందే రోడ్డెక్కింది. అయినా జ్ఞాపకాలన్నీ ఆయనవే.

మూలం

“మామూలు బండనుకుంటన్నారేమో మాష్టారూ! హెచ్టీ అండీ ఇది. షోళవరంలో తోలిన బండి. ఆ వాసన చూడండి. ఆ సౌండు వినండి. ఇప్పుడేవండీ అట్టాంటి బళ్లు!”

ఛందస్సు: వచనం. గణాలు కుదరవు గానీ యతి ఉంది, ఆయన సిగరెట్టు దమ్ము లాగినచోటల్లా. ప్రాస లేదు. పునరుక్తి ఉంది: పదమూడు ఆదివారాలు విన్నాను, ఒక్క అక్షరం తేడా రాలేదు. వేదానికైనా శాఖాభేదాలున్నాయి, దీనికి లేవు.

వ్యాఖ్యాతృ ప్రతిజ్ఞ: ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ కొలచాల మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన మెదకు సీమవాడు, మాట మీద నిలబడ్డాడు. నేను గుంటూరువాణ్ణి. ఆధారం ఉన్నదే రాస్తాను గానీ అక్కర్లేనిది కాస్త ఎక్కువే చెబుతాను. మా వైపు టీక రాయడం రాచపని కూడా. కొండవీటి నేలిన పెదకోమటి వేమారెడ్డి రాజ్యం చూసుకుంటూనే అమరుశతకానికి శృంగారదీపిక రాశాడు. రాజుకు లేని నామోషీ రిటైరైన తెలుగు మాష్టారుకెందుకు?

ప్రతిపదార్థం: మామూలు, బండి, మాష్టారూ: స్పష్టం. అండీ: మర్యాదార్థకం, పొగకి క్షమాపణ అని అర్థం చెప్పరాదు.

హెచ్టీ: ఈ మాటకు మా సీమలో మూడర్థాలు. కరెంటాఫీసులో హెచ్టీ అంటే హై టెన్షను లైను, ముట్టుకుంటే పోతాం. విత్తనాల కొట్లో హెచ్టీ అంటే కలుపుమందు కొట్టినా చావని పత్తి. దానికి అనుమతి లేదు కనక బిల్లూ ఉండదు. మూడోది ప్రకృతార్థం: హై టార్కు. జపాను యమహా వారి ఆర్.డి. 350ని మనదేశంలో ఎస్కార్ట్స్ వాళ్లు రాజదూత్ 350 అన్న పేరుతో 1983లో దించారు. 347 సి.సి., రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. మొదట వచ్చినదానికి 30.5 గుర్రాల బలం. పెట్రోలు మరీ తాగేస్తోందని జనం గోలపెట్టాక 27 గుర్రాలకి దించారు. ఆ రెండోది ఎల్టీ, లో టార్కు. వెరసి తేడా మూడున్నర గుర్రాలు. అర గుర్రం ఎలా ఉంటుందన్న శంక కలిగినవారు హయగ్రీవుణ్ణి ధ్యానించాలి.

ఈ మూడున్నర గుర్రాల మీదే మూలకర్త కులగోత్రాలన్నీ నిలబడి ఉన్నాయి. ఎల్టీ వాడెవడైనా టీకొట్టు దగ్గర ఆగితే, పెళ్లిచూపుల్లో శాఖ వేరని తేలినప్పటి చూపు చూస్తాడు.

ఇక ఆర్.డి. అన్న రెండక్షరాలు శ్లేషకి నిలయం. రేస్ డెవలప్డ్ అని భక్తుల పాఠం. రాపిడ్ డెత్ అని ఆనాటి కాలేజీ కుర్రవాళ్ల పాఠాంతరం. రాజదూత్ అన్న సమాసంలోనే ఆ రెండక్షరాలూ ఉన్నాయని నా మతం. రాజు యొక్క దూత, షష్ఠీ తత్పురుషం. ఈ పేరు ఫరీదాబాదులో 350 పుట్టకముందు నుంచే ఉంది. పోలండు నమూనా మీద చేసిన 175 బండికి పెట్టుకున్నది. జపాను అక్షరాలు వచ్చి అందులో సరిగ్గా ఒదగడం కాకతాళీయం. జపానులో ఈ బండికి ముందుచక్రానికి డిస్కు బ్రేకు. ఇక్కడ డ్రమ్ము. పరిగెత్తే శక్తిని దిగుమతి చేసుకుని ఆగే శక్తి దగ్గర చెయ్యి బిగించారు. ఆ పాఠాంతరం ఎందుకు పుట్టిందో వేరే టీక అవసరం లేదు.

షోళవరంలో తోలిన: అతిశయోక్తి. షోళవరం మద్రాసుకి ఉత్తరాన, కలకత్తా రోడ్డు మీద ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల కోసం వేసిన రన్‌వే. యుద్ధం ముగిశాక మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు దాన్ని రేసులకి వాడుకుంది. 1990 ప్రాంతంలో ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాకు వచ్చేదాకా దక్షిణాదిలో రేసంటే షోళవరమే. మన ఒంగోలు నుంచి నెల్లూరు, సూళ్లూరుపేట మీదుగా తిన్నగా పోతే అదే రోడ్డు. పాత లెక్కన అయిదో నంబరు, ఇప్పటి లెక్కన పదహారో నంబరు జాతీయ రహదారి. ఇలాంటి పెద్దదారిని సంస్కృతంలో ఘంటాపథం అంటారు. మెడలో గంటలు కట్టిన ఏనుగులు నడిచే దారి. కిరాతార్జునీయానికి మల్లినాథుడు రాసిన వ్యాఖ్య పేరు కూడా ఘంటాపథమే. గంట మోగితే జనం పక్కకి తప్పుకోవాలని ఏర్పాటు. మూలకర్త బండికి హారను లేదు. సైలెన్సరు ఉన్నాక హారనెందుకని తీసి పారేశాడు.

ఆ దారి పొడుగునా ఆర్.డి. ఉన్న ప్రతివాడూ తన బండి షోళవరంలో పరిగెత్తిందనే అంటాడు. అందరూ నిజమే చెబుతుంటే ఆ రన్‌వే మీద ఆ రోజుల్లో తిరుపతి క్యూ ఉండి ఉండాలి.

వాసన: ఈ మాట దగ్గర కొంచెం సేపు కూర్చోవాలి. మన శాస్త్రాల్లో వాసన రెండు రకాలు. ఒకటి ముక్కుకి తెలిసేది. రెండోది పూర్వజన్మలో అనుభవించినదాని తాలూకు సంస్కారం, జీవుణ్ణి అంటిపెట్టుకుని వచ్చేది. తాను పుట్టకముందు జరిగిన రేసుల్ని మూలకర్త కళ్లు మూసుకుని తలుచుకుంటాడు కనక రెండో అర్థమే సమంజసం.

మొదటి అర్థమూ తక్కువది కాదు. వెనకటి రేసు బళ్లలో పోసే నూనె ఆముదంతో చేసేవారు. ఆశ్చర్యపోకండి. లండనులో వేక్‌ఫీల్డు అనే దొర కంపెనీ 1909లో తన నూనెకి కాస్ట్రాల్ అని పేరు పెట్టింది. ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న పేరులోంచి తీసిందే. మొదటి ప్రపంచయుద్ధం నాటి చాలా విమానాల ఇంజన్లూ ఆముదమే తాగేవి. ఆ తుంపర మొహాన పడి, గొంతులోకి దిగి, పైలట్లకి గాల్లోనే కడుపు కదిలేదని చెబుతారు. మా అమ్మమ్మ నెలకోసారి శనివారం పొద్దున మాకు చేసిన ఉపకారమే, కాకపోతే ఎత్తులో తేడా. కాలిన ఆముదపు కమ్మదనానికి ప్రపంచమంతా రేసు జనం పడి చచ్చేవాళ్లు. ఆముదం తాగిన మొహం అని మనం ఎగతాళి చేస్తాం గానీ, ఆ మొహాలతో వాళ్లు కప్పులు గెలిచారు. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం అన్న సామెత కూడా ఇక్కడ చక్కగా అన్వయిస్తుంది. బండికి డబ్బు కట్టి ఏళ్ల తరబడి వంతు కోసం కాచుకున్న దేశంలో 350 సి.సి. మహావృక్షం కాక ఏమవుతుంది? నీడ పెద్దదే. చెట్టెంతో కొలిచినవాళ్లు లేరు.

సౌండు: ధ్వని. ఇక్కడ మూలకర్త తనకు తెలియకుండానే ఒక శాస్త్రసత్యం పలికాడు. ఆ పుణ్యం ఆయనది కాదు కనక నేను చెబుతాను.

ఇలాంటి టూ స్ట్రోకు ఇంజనులో పొగ బయటికి పోవడానికి కవాటాలుండవు. సిలిండరు గోడలో రంధ్రాలుంటాయి, పిస్టనే తలుపు. కాలిన పొగ బయటికి పోయే ద్వారమూ, కొత్త మిశ్రమం లోపలికి వచ్చే ద్వారమూ ఒకేసారి కాసేపు తెరిచి ఉంటాయి. పెళ్లింట్లో ముందు గుమ్మంలోంచి చుట్టాలు వస్తుంటే పెరటి గుమ్మంలోంచి లడ్డూలు పోయినట్టు, కాలాల్సిన పెట్రోలు కొంత కాలకుండానే బయటికి పోతుంది. దీన్ని ఆపిన మహానుభావుడు వాల్టర్ కాడెన్. తూర్పు జర్మనీలో ఎం.జడ్. కంపెనీ ఇంజనీరు. పొగగొట్టాన్ని మధ్యలో గర్భిణిలా ఉబ్బించి, చివర మళ్లీ సన్నం చేసి, కొలతలు లెక్కగట్టాడు. పేలుడు శబ్దం ఆ గొట్టంలో పోయి, సన్నబడినచోట తగిలి, వెనక్కి తిరిగి వస్తుంది. వచ్చేసరికి పారిపోతున్న మిశ్రమం ఎదురవుతుంది. దాన్ని మెడపట్టి మళ్లీ సిలిండరులోకి తోస్తుంది. అప్పుడు పిస్టను తలుపు మూస్తుంది. తోసింది యంత్రం కాదు, శబ్దం. కావ్యానికి ఆత్మ ధ్వని అని కాశ్మీరంలో ఆనందవర్ధనుడు తొమ్మిదో శతాబ్దంలో చెప్పాడు. గంట మోగడం ఆగాక కూడా వినిపించే అనురణనంతో దానికి పోలిక తెచ్చారు. గంటతో ఉపమానం చెప్పడం ఆలంకారికుల వంతయింది, అదే అనురణనంతో గుర్రాలు కట్టడం కాడెన్ వంతు.

ఆయన దగ్గర తోలే ఎర్నస్ట్ డెగ్నర్ అనేవాడు 1961లో స్వీడన్ రేసు ముగిశాక ఇంటికి పోకుండా పడమటికి పారిపోయాడు. విద్యని మూటగట్టుకుని జపాను సుజుకీకి చేరాడు. మరుసటేడే సుజుకీ 50 సి.సి. ప్రపంచ చాంపియనయింది. కచుడు శుక్రాచార్యుల దగ్గర మృతసంజీవని నేర్చుకుని దేవతలకి అందించిన కథే ఇది. దేవయాని పాత్ర ఎవరిదో చరిత్రకారులు చూసుకోవాలి. గురువు మాత్రం తూర్పు జర్మనీలోనే, గోడ వెనకే మిగిలిపోయాడు. ఈ ఒక్క వాక్యానికి ప్రబంధం రాయొచ్చు. రాస్తే ఎవరు చదువుతారు? సౌండు వినండి అంటే పది మంది చేరతారు.

ఏం చెబుతున్నాను? ఆ, మూలం.

అధికపాఠం

పధ్నాలుగో ఆదివారం మూలకర్త కొత్తగా ఒక వాక్యం చేర్చాడు. నన్ను బండి వెనక్కి తీసుకుపోయి, వంగమని, మడ్‌గార్డు మీద నాలుగు రంధ్రాలు చూపించాడు. “ఇయ్యేంటో తెలుసా మాష్టారూ? రేసు నంబరు ప్లేటు బిగించిన బెజ్జాలు.” రెస్టోరు చేయించినప్పుడు మెకానిక్కు పూడ్చేస్తానంటే ఒప్పుకోలేదట. చరిత్ర కదా.

కళ్లజోడు సర్దుకుని చూశాను. మూడు రంధ్రాలు గుండ్రంగా ఉన్నాయి. కుడివైపు కిందిది చింతగింజలా సాగి ఉంది. డ్రిల్లు బిట్టు జారితే అలా అవుతుంది. జారినప్పుడు మడ్‌గార్డుని అవతలి వైపు పట్టుకున్నది నేను. నా ఎడమ బొటనవేలి మీద మచ్చ ఇప్పటికీ అదే చింతగింజ కొలత.

ఇంకొల్లు. అప్పట్లో ప్రకాశం జిల్లా. పత్తి బాగా పలికిన రోజుల్లో, 1985లో మా చిన్నమామయ్య ఈ బండి కొన్నాడు. హెచ్టీయో ఎల్టీయో అడిగినవాడు లేడు. ఆ నాలుగు రంధ్రాలు ఇనప క్యారేజీవి. క్యారేజీ మీదికి పవర్ స్ప్రేయరు. స్ప్రేయరుకి చెరోవైపు మందు డబ్బాలు. గంటకి 150 కిలోమీటర్లు పోగల బండి చేని గట్ల మీద రెండో గేరు దాటి ఎరగదు.

ఆ స్ప్రేయరు ఇంజనూ టూ స్ట్రోకే. స్కూటరు ఇంజనులో నాలుగో వంతు కూడా ఉండదు. అదే నూనె, అదే పెట్రోలు, అదే నీలం పొగ. మనిషి వీపున కట్టుకుని నడుం లోతు పత్తిలో పొద్దస్తమానం తిరిగేవాడు. ఆ సౌండు వినండి అని అతనికెవరూ చెప్పలేదు. చెవికి జానెడు దూరంలో మోగుతుంటే ఇంక చెప్పేదేముంది? రాత్రి అన్నం దగ్గర ఒక మాట రెండుసార్లు అనాల్సొచ్చేది. మా పల్లెల్లో టూ స్ట్రోకు పరిగెత్తిన రేసంటూ ఉంటే అది పురుగుతో. గెలిచింది పురుగు.

సింథటిక్ పైరిత్రాయిడ్లనే మందులు వచ్చాయి. శనగపచ్చ పురుగు చస్తుందని కొట్టారు, మళ్లీ మళ్లీ కొట్టారు. ఆ పురుగుతో పాటు దోమని తినే మేలు పురుగులూ పోయాయి. 1987లో తెల్లదోమ లేచింది. ఆకు కింద తట్టితే పిండి రాలినట్టు లేచేది. ఆ ఏడాదీ మరుసటేడూ ప్రకాశం, గుంటూరు పత్తి రైతులు చేనుకని అప్పు తెచ్చిన మందు తామే తాగారు. మామయ్య తాగలేదు. ముందు బండి అమ్మాడు. తరవాత రెండెకరాలు. ఆయన బండి గురించి మళ్లీ మాట్లాడగా నేను వినలేదు.

మూలకర్త దీన్ని ఎవరి దగ్గర, ఏ గొడ్లచావిట్లో, ఏ బస్తాల కింద చూసి ఎంతకి కొన్నాడో నాకనవసరం. నా బాధ ధర గురించి కాదు. రన్‌వే ఒకటి కావాలని మద్రాసు దాకా పోయాడే, ఇంకొల్లులో దిగలేకపోయాడా?

తాత్పర్యం

ఓ మాష్టారూ! ఈ బండి సామాన్యమైనది కాదు. మూడున్నర గుర్రాలు అధికంగా కలది. రేసులలో పరిగెత్తినది. దీని పరిమళమును ఆఘ్రాణించుము, నాదమును ఆలకించుము, నేటి బండ్లను నిందింపుము అని భావము.

విశేషములు: సీటు తోలు కొత్తది. కింద స్పాంజి మాత్రం పాతదే ఉంచాడు, ఒరిజినల్ అని. కుట్టు ఊడినచోట వేలు పెట్టి ఎత్తి, “చూడండి మాష్టారూ, నలభయ్యేళ్ల రేసు ఆయిలు” అన్నాడు.

వంగి పీల్చాను. నూనె ఉంది. దాని అడుగున, వెల్లుల్లి కుళ్లినట్టు, గొంతులో పట్టుకునే ఇంకోటి ఉంది. మా వైపు ఆ పురుగుమందుని మోనో అంటారు.

“ఏం తెలిసింది?” అన్నాడు కళ్లు మెరుస్తూ.

“పత్తి,” అన్నాను.

ఒక్క క్షణం నా మొహంలోకి చూసి నవ్వేశాడు. “పత్తికి వాసనేంటి మాష్టారూ!” అని పదకొండు తన్నులు మొదలెట్టాడు.