వెంపలి చెట్టుకు నిచ్చెన

కందకుర్తికి వచ్చినవాళ్లు మూడు నదులను చూస్తారు. గోదావరి, మంజీర, హరిద్ర. నీళ్లు తగ్గితే నది మధ్యన రాతి శివాలయాన్నీ చూస్తారు. మా మేనల్లుడు మాత్రం ఒడ్డు మీది బీడును చూశాడు. హైదరాబాదులో ఇరవయ్యో అంతస్తులో ఉంటాడు కదా, నేల దగ్గరగా కనబడేసరికి మురిసిపోయాడు. మోకాలెత్తు మొక్క, ఊదారంగు పూలు. వెంటనే ఫోను తీశాడు.

యాప్ ముందు నీలి అంది. పక్కకు జరిగి తీస్తే అడవి కంది అంది. గట్టిగా నిలదీస్తే చిక్కుడు కుటుంబం అని ఊరుకుంది, అబ్బాయి పేరు దాచి వంశం గొప్ప చెప్పే పెళ్లిళ్ల పేరయ్యలా. ఆ కుటుంబంలో సుమారు 20 వేల జాతులున్నాయి మరి.

"ఆకు చూసి నీలి అనుకోవచ్చురా. నీలికీ దీనికీ జతలు జతలుగా చిట్టాకులు, కొసన ఒంటి ఆకు. కాయ చూడు. నీలికాయ గుండ్రంగా సన్నపుల్లలా ఉంటుంది, ఇది బల్లపరుపుగా, కొంచెం పైకి వంగి..."

"ఆగు మామయ్యా, లోడవుతోంది."

ఈలోపు మేకల పెద్దమ్మ వచ్చింది. ఒక చిట్టాకు తెంపి, రెండు కొసలూ పట్టి లాగింది. ఆకు అడ్డంగా తెగలేదు, ఏటవాలు ఈనెల వెంట కోసుగా చీలింది.

"ఎంపలి సారూ. గిది గూడ ఎరుకలేదా?"

దీన్నే 1753లో లిన్నేయస్ క్రాక్కా పర్పురియా అన్నాడు. 1807లో పెర్సూన్ టెఫ్రోసియా పర్పురియా అని మార్చాడు. అంతటి పండితులకే యాభై నాలుగేళ్లు పట్టింది, యాప్‌ను ఏమంటాం! మన రైతులు ఈలోగా పచ్చిరొట్టగా దున్నేసుకున్నారు. దాని వేరు బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు పెడుతుంది. యూరియా కోసం చెప్పులు వరసలో పెట్టే కాలంలో ఇది చిన్న సంగతి కాదు.

వెంపలి చెట్లకు నిచ్చెనలు వేసే మనుషులు పుడతారని బ్రహ్మంగారు చెప్పారంటారు. అంత పొట్టివాళ్లా అని చిన్నప్పుడు నవ్వుకునేవాణ్ని. మా వాడు పువ్వును కిందినుంచి తీయాలని బీడులో బోర్లా పడుకున్నాడు. ఆ కోణంలో నిచ్చెన తప్పదు.

పెద్దమ్మ వంగి చూసింది. "గా ఫోన్ల అన్నీ దొర్కుతయా బిడ్డా? నా నల్లమేక యాడికి వోయిందో సూడు జర."

"సిగ్నల్ లేదమ్మా" అన్నాడు వాడు, తల ఎత్తకుండానే.

నల్లమేక వాడి వెనకే నిలబడి బ్యాగు పట్టీ నములుతోంది.