స్టెప్పులేవీ?

సంక్రాంతికి మా ఊళ్లో కబడ్డీ పోటీలు. 37 జట్లు పేర్లిచ్చాయి. ఓడిన జట్టు ఇంటికే. మొత్తం ఎన్ని ఆటలు ఆడించాలో తేల్చమని కమిటీవాళ్లు నాకు అప్పజెప్పారు, ఎమ్మెస్సీ లెక్కలు చదివిన పాపానికి.

పాత పంచాంగం అట్ట మీద మొదలుపెట్టాను. 36 జట్లకు 18 ఆటలు, ఒక జట్టుకు బై. మిగిలినవి 19. వాటికి 9 ఆటలు, మళ్లీ ఒక బై... అట్ట నిండింది, కాఫీ చల్లారింది. 18, 9, 5, 2, 1, 1. కూడితే 36. కప్పు నాకే వచ్చినట్టు తలెత్తాను.

"ముప్పై ఆరే కదా బాబాయ్" అంది ఇంటర్ చదివే మా అన్నయ్య కూతురు, వేరుశనక్కాయలు ఒలుస్తూ. "గెలిచేది ఒక్క జట్టే. మిగతా ముప్పై ఆరూ ఓడాలి. ఆటకొకటి ఓడుతుంది."

అట్ట తిరగేసి పెట్టాను.

ఇదే బాపతు లెక్క వాళ్ల కాలేజీ పరీక్షలో వచ్చిందట. ఇలాగే రెండు వాక్యాలు రాస్తే నాలుగుకి ఒక మార్కు వేసి, పక్కన ఎర్రసిరాతో 'స్టెప్పులేవీ?' అన్నారు. నాలాగే బైలు రాసుకుంటూ పోయి, చివర కూడిక తప్పినవాడికి మాత్రం మూడు. మేడ ఎక్కకపోతేనేం, మెట్లన్నీ తొక్కాడుగా!

ఆ రెండు వాక్యాలే రుజువు, 3,700 జట్లొచ్చినా చెల్లుతాయి అని లెక్చరరు గారికి చెప్పబోయాను. "కీలో అలా లేదండీ" అన్నారు. ఆయన తల వెనక గోడ మీద రామానుజన్ పటం. డిసెంబరు 22న వేసిన దండ ఎండింది గానీ తీయలేదు. ఆ మహానుభావుడూ ఎఫ్.ఏ. తప్పినవాడే, లెక్కల్లో కాదనుకోండి. 1913లో ఆయన ఉత్తరం చూసి కేంబ్రిడ్జి హార్డీ కూడా రుజువులేవని అడిగాడు, నిజమే. కానీ అడుగుతూనే మనిషిని రప్పించుకున్నాడు. మార్కులు కోయలేదు.

ఇదే పిల్ల రేపు ఈఏపీసెట్‌కి వెళ్తే 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. అక్కడ స్టెప్పులు రాస్తే చూసే నాథుడే లేడు. దానికి షార్ట్‌కట్ల క్లాసు వేరే, ఫీజు వేరే.

పండగ వెళ్లగానే మా వదిన స్టెప్పుల ట్యూషన్ పెట్టించింది. మొన్న ఫోన్లో కనుక్కున్నాను. మా కబడ్డీ లెక్కే ఇస్తే పేజీన్నర చేసిందట. 35 వచ్చిందట.

నాలుగుకి మూడు.