మామిడిచెట్టు: టీకా తాత్పర్య సహితం

మూలం: దాన్ని కొట్టకండిరా, ఈ ఏడు కాస్తుంది.

అవతారిక: పెరటి చిన్నరసం చెట్టు మొదట్లో రంపపు పొట్టులాంటిది రాలుతుండగా, అసలు రంపం మనిషి గేటు తీస్తుండగా, వంటింటి గుమ్మంలోంచి మా నాయనమ్మ పలికిన వాక్యమిది. ప్రాస లేదు. యతి వెతికేంత ఓపిక నాకు లేదు.

ప్రతిపదార్థం:

దాన్ని = మామిడిచెట్టును. నాయనమ్మ పేరు పెట్టి పిలవనివారు ఇంట్లో ఇద్దరే. తాతయ్య "ఆయన", చెట్టు "అది".

కొట్టకండిరా = నరకవద్దు. బహువచనం గౌరవం కోసం కాదని చివరి "రా" చెబుతూనే ఉంది. గురి మా బాబాయి ఒక్కడే. పక్కింటి ప్రతిలో "కొట్టండిరా" అని పాఠాంతరం కనిపిస్తుంది. వాళ్ల డాబా మీద మన ఆకులు రాలడం వల్ల పుట్టిన లేఖక దోషమది, గ్రాహ్యం కాదు.

ఈ ఏడు = ఈ సంవత్సరం. సంఖ్యావాచకంగా తీసుకుని ఏడు కాయలని బాబాయి వ్యాఖ్య. నిరుడు కాసినవి ఆరు.

కాస్తుంది = కింద చూడుడు.

టీక: మూలంలో లేనిది రాయనని మల్లినాథసూరి నియమం. నేనూ మూలం దగ్గరే కూర్చున్నాను. మూలంలో పురుగుంది. మాను తొలిచే పురుగు. కన్నంలో ఇనపతీగ కొక్కెం పెట్టి లాగితే వేలంత తెల్లటి జీవి వచ్చింది. పెట్రోలు తడిపిన దూది కుక్కి, బంకమట్టితో మెత్తాను. కొమ్మ మీది బదనికను విరిస్తే చాలదు, మళ్లీ చిగురిస్తుంది; అది పట్టిన చోటికి జానెడు కింద కొమ్మనే కోయాలి. కోసిన గాయాలకు బోర్డో పేస్టు: మైలుతుత్తం కిలో, సున్నం కిలో, నీళ్లు 10 లీటర్లు. ఇనప బకెట్టు పనికిరాదు. చాకు ముంచితే ఎర్రపూత పడిందా, సున్నం చాలలేదు.

ఈ మందుకో కథ ఉంది. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతపు రైతులు బాట పక్క ద్రాక్షను దొంగలు ముట్టకుండా మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. ఆ తీగలకు తెగులు తక్కువని మిలార్డే అనే ఆయన గమనించి 1885లో లోకానికి చెప్పాడు. అంటే కాపలాకు పుట్టి కాపుకు పనికొచ్చిన మందు. తెలుగులో ఆ రెంటికీ "కాస్తుంది" ఒక్కటే గనుక మనకు ఆశ్చర్యం లేదు.

తాత్పర్యం: ఈ ఏడూ పూత మాడిపోయింది. అయితే "కాస్తుంది"కి మూడో అర్థం ఒకటుంది. దక్షిణపు కొమ్మ తీసేశాక, చైత్రంలో నాయనమ్మ మంచం మీద పదింటికే ఎండ కాసింది. బాబాయి ఏమీ అనకుండా మంచాన్ని మానుకేసి జరిపాడు.

రంపం మనిషికి ముందే ఇచ్చిన అడ్వాన్సు సంగతి మూలంలో లేదు గనుక రాయను.