గ్రామర్ మేడం

దోహాలో అబూ హమూర్ వైపు వెళ్తే ఇండియన్ స్కూళ్లు పక్కపక్కనే కనిపిస్తాయి. ఏ స్కూల్లో అడుగుపెట్టినా మిడిల్ సెక్షన్ స్టాఫ్‌రూమ్‌లో ఒక గ్రామర్ మేడం తప్పకుండా ఉంటారు. మనవాళ్లయితే ఏ గుంటూరో కాకినాడో అయి ఉంటుంది. ఇంగ్లిష్ ఎం.ఏ., పైన బీఎడ్. ఆయన వీసా మీద వచ్చి, ఇంట్లో తోచక ఉద్యోగంలో చేరినావిడ. వచ్చేటప్పుడు సూట్‌కేసులో ఆవకాయ ఒక పక్క, రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ పుస్తకం ఒక పక్క. అన్నట్టు, ఆ రెన్ దొర బొంబాయి విద్యాశాఖలో పనిచేసినవాడు. 1924లో ‘బో జెస్ట్’ అని ఎడారి నవల కూడా రాశాడు. కాబట్టి గ్రామర్‌కీ ఇసుకకీ చుట్టరికం పాతదే.

ఆవిడ పెన్నులో ఎర్రసిరా ఎప్పుడూ ఆరదు. బఖాలా (కిరాణా కొట్టు) బోర్డు మీద స్పెల్లింగ్ తప్పు కనబడితే పెరుగు కొనడం మర్చిపోతారు. తెలుగు సంఘం వాళ్లు ఉగాది ఆహ్వానం వాట్సాప్‌లో పెడితే, అందరూ భోజనంలో ఏమేమి ఉంటాయని అడుగుతుంటే, ఈవిడ ‘కార్డియల్లీ’లో ఒక ఎల్ తగ్గిందని జవాబిస్తారు. ఇంట్లో ఆయన ఆఫీసు మెయిల్ చూపించడం మానేసి చాలాకాలమైంది. “ఏవండీ, ఒక్కసారి...” అనేలోపే సెండ్ నొక్కేస్తారు.

ఇక్కడ సెలవులు శుక్ర, శనివారాలు. ఆదివారం పొద్దున్నే సెవెంత్ బీకి పాఠం చెప్పడం ఆవిడకి ఇప్పటికీ మింగుడుపడదు. ప్రతి రూలుకీ ఓ ఎక్సెప్షన్ ఉంటుంది కదా అని సరిపెట్టుకున్నారు. పిల్లలు మాత్రం “యల్లా మ్యామ్, ఖలాస్, ఐ డన్!” అని నోట్‌బుక్కులు మూసేస్తారు. “ఐ హ్యావ్ డన్!” అని ఆవిడ అరిచేసరికి సగంమంది బెల్లుకి ముందే తలుపు దగ్గరుంటారు.

అసలు తంటా రాతలో. సీబీఎస్ఈ వారి ఫార్మల్ లెటర్‌లో ఎప్పుడూ దోమలు, కరెంటు కోతలే. పుట్టి బుద్ధెరిగాక కరెంటు పోవడం చూడని పిల్లలు, ‘చీకట్లో చదవలేక చస్తున్నాం’ అని ఏ ఊరివాడో తెలియని మున్సిపల్ కమిషనర్‌కి మొరపెట్టుకుంటారు. ఫార్మాట్ కుదిరితే చాలు, పూర్తి మార్కులు.

ఒకసారి ‘వాన కురిసిన రోజు’ అని వ్యాసం ఇచ్చారు. ఏడాది మొత్తం కలిపినా వంద మిల్లీమీటర్లు కురవని ఊళ్లో! పిల్లలందరూ కాగితప్పడవలు వదిలారు, వేడి పకోడీలు తిన్నారు, కప్పల బెకబెకలు విన్నారు. వాళ్లందరికీ పదికి ఎనిమిది. ఒక్క కరీంనగర్ కుర్రాడు మాత్రం, బిల్డింగ్ కింద నడుస్తుంటే నెత్తిన చుక్కలు పడ్డాయనీ, పైకి చూస్తే ఏసీ అనీ రాశాడు. కింద వాడి ఇంగ్లిష్‌లో: ‘మై ఫాదర్ సే, థింక్ ఇట్ ఈజ్ రెయిన్ ఓన్లీ.’ తండ్రీకొడుకులిద్దరూ అక్కడే నిలబడి తడిశారట.

మేడం ‘సే’ చుట్టూ సున్నా చుట్టి ‘సెయిడ్’ అని రాశారు. ‘ఓన్లీ’ కొట్టేశారు. పదికి నాలుగు. నన్నడిగితే ఆ నోట్‌బుక్కుల కట్ట మొత్తంలో వాన పడింది వాడొక్కడి కాగితం మీదే. కానీ నన్నెవరడుగుతారు?

తప్పులెలా ఉంటాయో చూడండంటూ ఆ వాక్యాన్ని స్టాఫ్‌రూమ్‌లో అందరికీ చదివి వినిపించారు. లంచ్‌లో మలయాళీ టీచర్‌కి మళ్లీ చదివారు. అప్పుడు కొట్టేసిన ‘ఓన్లీ’ని కూడా కలిపి చదివారు.

మర్నాటికి నాలుగు కాస్తా నాలుగున్నర అయింది. ఆ అర మార్కు దేనికి మ్యామ్ అని వాడు అడిగితే, “హ్యాండ్‌రైటింగ్‌కి” అన్నారు.